నాలుగో పేరు లేని దేశాల కోసం: ఎల్‌పీజీఏకు బహిరంగ లేఖ

ఆడవాళ్ల ప్రొఫెషనల్ గోల్ఫ్ నడిపే ఎల్‌పీజీఏ పెద్దలకు, లేడీస్ యూరోపియన్ టూర్ పెద్దలకు,

నమస్కారం.

నేను ఆడపిల్లలకు గోల్ఫ్ నేర్పే కోచ్‌ని. ఎవరి బంతి వాళ్లది, ఎవరి కార్డు వాళ్లది, ఎవరి లెక్క వాళ్లది. మా పిల్లలకు తెలిసిన గోల్ఫ్ అదే. ఒకరోజు సాయంత్రం నలుగురిని రెండు జోడీలు చేసి ఫోర్‌సమ్స్ ఆడించాను. జోడీకి ఒకటే బంతి, ఒక షాట్ ఒకరు కొడితే తర్వాతి షాట్ రెండోవాళ్లు కొట్టాలి. మూడో హోల్ దగ్గర ఒక జోడీలోని చిన్నపిల్ల కొట్టిన ఐరన్ షాట్ పోయి పోయి బంకర్లో పడింది. బంతి సగం ఇసుకలో కూరుకుపోయింది. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. "సారీ అక్కా" అంది. "ఫోర్‌సమ్స్‌లో సారీలు ఉండవే. జరుగు, నేను తీస్తా" అంది పెద్దది. తీసింది కూడా. బంతి గ్రీన్ ఎక్కి, జెండాకు ఆరడుగుల దూరంలో ఆగింది. ఆ ఆరడుగులూ కొట్టాల్సింది మళ్లీ చిన్నపిల్లే. దాని చేతులు వణకడం నాకు దూరం నుంచే కనిపిస్తోంది. పెద్దది వెనక కూర్చుని లైన్ చూసి, "ఎడమ అంచుకి కొట్టు, చాలు" అంది. బంతి అంచు పట్టుకుని తిరిగి లోపల పడింది.

ఆ పిల్ల అంతకుముందు ఇంతకంటే పెద్ద పట్‌లు (గ్రీన్ మీద బంతిని హోల్‌లోకి దొర్లించే షాట్లు) చాలా వేసింది. ఎప్పుడూ అలా ఎగరలేదు. తన స్కోరు బాగున్నందుకు వచ్చే సంతోషం వేరు, పక్కనున్న మనిషి ఇచ్చిన బంతిని నిలబెట్టినందుకు వచ్చే సంతోషం వేరు. సారీలు ఉండవన్న మాట నేను నేర్పింది కాదు. అమెరికా, యూరప్ ఆడవాళ్ల జట్లు తలపడే సోల్‌హైమ్ కప్ చూస్తున్నప్పుడు కామెంటరీలో విని పట్టుకుందట.

2025 అక్టోబరులో దక్షిణ కొరియాలోని న్యూ కొరియా కంట్రీ క్లబ్‌లో దేశాల జట్లు ఆడే మీ ఇంటర్నేషనల్ క్రౌన్ జరిగినప్పుడు ఆ చిన్నపిల్లే నన్ను ఒక ప్రశ్న అడిగింది. దానికి న్యూజీలాండ్ గోల్ఫర్ లిడియా కో అంటే ప్రాణం. "ఇన్నేళ్లుగా లిడియా ఇందులో ఎందుకు ఆడలేదు మేడమ్?" అంది. ఒక్కో దేశంలో ముందున్న నలుగురి ప్రపంచ ర్యాంకులు కూడతారని, ఆ మొత్తం తక్కువగా ఉన్న దేశాలకే చోటు దొరుకుతుందని చెప్పాను. అది కాసేపు ఆలోచించి, "అయితే న్యూజీలాండ్‌లో నాలుగో అమ్మాయి ఎవరు?" అంది.

ఆ ప్రశ్నే ఈ ఉత్తరం రాయిస్తోంది.

ముందు సోల్‌హైమ్ కప్ సంగతి. దాన్ని నేను ఎంత ప్రేమిస్తానో చెప్పకపోతే మిగతాదంతా ఫిర్యాదులా వినిపిస్తుంది. పింగ్ కంపెనీ స్థాపించిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ పేరుతో 1990లో ఫ్లోరిడాలోని లేక్ నోనాలో అది మొదలైంది. అప్పుడు జట్టుకు ఎనిమిది మందే. ఇప్పుడు పన్నెండు మంది. మూడు రోజులు, 28 పాయింట్లు. మొదటి రెండు రోజులు ఫోర్‌సమ్స్, ఫోర్‌బాల్ (జోడీలో ఎవరి బంతి వాళ్లు ఆడి, మంచి స్కోరు లెక్కేసుకునేది). చివరి రోజు పన్నెండు సింగిల్స్. ప్రైజ్ మనీ లేదు. అయినా ఏడాదంతా డబ్బు కోసం, పాయింట్ల కోసం ఆడే ఈ ఆడవాళ్లు ఆ మూడు రోజులు ఏడ్చినంతగా, నవ్వినంతగా ఇంకెక్కడా కనపడరు.

యూరప్ జట్టుకు ఆడిన సుజాన్ పెటర్సన్‌నే తీసుకోండి. 2015లో జర్మనీలో, సెయింట్ లియోన్-రాట్‌లో, అమెరికా అమ్మాయి అలిసన్ లీ ఒక చిన్న పట్‌ని ఎదుటివాళ్లు కొట్టక్కర్లేదని వదిలేశారనుకుని బంతి చేతిలోకి తీసుకుంది. మేం వదల్లేదు అంది పెటర్సన్. రూల్ ప్రకారం ఆ హోల్ యూరప్‌కి పోయింది. అలిసన్ కన్నీళ్లు పెట్టుకుంది. ఆ కోపంతో అమెరికా 10–6 వెనకబాటు నుంచి లేచి 14.5–13.5తో కప్పు ఎత్తుకుపోయింది. పెటర్సన్ మీద పడని మాట లేదు. మర్నాడు ఆమె క్షమాపణ చెప్పింది. నాలుగేళ్ల తర్వాత, తల్లి అయ్యి, ఆట దాదాపు ఆపేసిన మనిషిని కెప్టెన్ కాట్రియోనా మాథ్యూ తన ఛాయిస్‌తో జట్టులోకి తీసుకుంది. స్కాట్లండ్‌లోని గ్లెన్‌ఈగల్స్‌లో స్కోరు 13.5–13.5. మిగిలింది 18వ గ్రీన్ మీద పెటర్సన్ పట్ ఒక్కటే. పడితే కప్పు యూరప్‌ది, పడకపోతే స్కోరు సమమై కప్పు పాత విజేత అమెరికా దగ్గరే ఉండిపోతుంది. పడింది. ఆ రోజే ఆమె ఆటకు సెలవు చెప్పేసింది. 2023లో అదే మనిషి యూరప్ కెప్టెన్.

మామూలు టోర్నమెంట్‌లో ఇలాంటి కథ పుట్టదు. అక్కడ తప్పు చేస్తే ఆ నష్టం నీ ఒక్కదానిదే, నువ్వొక్కదానివే మోస్తావు. ఇక్కడ పదకొండు మంది నీతో పాటు మోస్తారు, ఆ తర్వాత నీ చేతికే మళ్లీ బంతి ఇస్తారు.

ఆ అదృష్టం ఎవరికి? అమెరికావాళ్లకో యూరప్‌వాళ్లకో.

లిడియా కో మూడు ఒలింపిక్స్‌లో మూడు పతకాలు తెచ్చింది. రియోలో రజతం, టోక్యోలో కాంస్యం, పారిస్‌లో బంగారం. ఆ బంగారంతోనే మీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అడుగుపెట్టింది. 2024లో సెయింట్ ఆండ్రూస్‌లో మహిళల ఓపెన్ గెలిచింది. సోల్‌హైమ్ కప్‌లో మాత్రం ఎప్పటికీ ఆడలేదు. కొరియా ఇన్బీ పార్క్ ఆడలేదు, థాయ్‌లాండ్ అరియా జుటానుగార్న్ ఆడలేదు. కెనడాకు రెండు మేజర్లు (అన్నిటికంటే పెద్ద టోర్నమెంట్లు) తెచ్చిన బ్రూక్ హెండర్సన్‌కి అమెరికా సరిహద్దు పక్కనే ఉన్నా ఆ గీత దాటి లోపలికి రావడానికి లేదు.

మగవాళ్ల గోల్ఫ్‌లో ఈ లోటుని 1994లోనే గుర్తించారు. అమెరికా, యూరప్ మగవాళ్లు ఆడే రైడర్ కప్‌లో చోటు లేని దేశాలవాళ్ల కోసం ప్రెసిడెంట్స్ కప్ పెట్టారు. యూరప్ తప్ప మిగతా ప్రపంచమంతా ఒక జట్టుగా అమెరికాతో ఆడుతుంది. ఆ జట్టు ఎన్నిసార్లు ఓడినా దాన్ని ఎవరూ మూసేయలేదు. హిదెకి మత్సుయామాకి ఆ జెర్సీ వేసుకునే అవకాశం రెండేళ్లకోసారి వస్తూనే ఉంది.

ఆడవాళ్లకూ ఒకటి ఉండేది. 2005లో లెక్సస్ కప్ మొదలైంది, ఆసియా ఒకవైపు, మిగతా ప్రపంచం ఇంకోవైపు. అనికా సోరెన్‌స్టమ్, పాక్ సే-రి కెప్టెన్లుగా నిలబడ్డారు. 2008తో అది ఆగిపోయింది. తర్వాత 2015లో జపాన్, కొరియా, ఆస్ట్రేలియా, యూరప్ టూర్‌ల మధ్య జపాన్‌లోని మియోషిలో 'ది క్వీన్స్' అని పెట్టారు. 2017తో అదీ ఆగిపోయింది. ఒకటి నాలుగు సార్లు, ఇంకొకటి మూడు సార్లు. ఒక పోటీకి చరిత్ర పుట్టాలంటే ఓడినవాళ్లు తిరిగి రావాలి, పాత లెక్క తేల్చుకోవాలి. ఆ టైమ్ వీటికి దొరకలేదు.

కాబట్టి ఇప్పుడు ఈ ఆడవాళ్లందరికీ మిగిలింది మీ ఇంటర్నేషనల్ క్రౌన్ ఒక్కటే. అందుకే దాని మీద నాకు ఇంత పట్టుదల.

క్రౌన్ ఐడియా చాలా మంచిది. ఎనిమిది జట్లు, జట్టుకు నలుగురు, ఖండం పేరుతో కాక దేశం పేరుతో ఆడటం. 2014లో మేరీలాండ్‌లోని కేవ్స్ వ్యాలీలో మొదటిసారి స్పెయిన్ గెలిచినప్పుడు కార్లోటా సిగాండా, అజహారా మున్యోజ్, బియాట్రిజ్ రెకారి, బెలెన్ మోజో చేసిన సందడి నేను మర్చిపోలేను. 2016లో అమెరికా గెలిచింది. 2018లో కొరియాలోని ఇంచియాన్‌లో కొరియాయే గెలిచింది. ఆ ఏడాది ఇన్బీ పార్క్ తన చోటు తనే వదులుకుంది, ఇంకో కొరియా అమ్మాయికి సొంతగడ్డ మీద ఆడే అవకాశం దక్కాలని. చివరికి జట్టులోకి వచ్చిన చున్ ఇన్-జీ ఆడిన నాలుగు మ్యాచ్‌లూ గెలిచింది. 2023లో శాన్ ఫ్రాన్సిస్కోలోని హార్డింగ్ పార్క్‌లో థాయ్‌లాండ్ వంతు. ఫైనల్లో ఆస్ట్రేలియా మీద 3–0. అరియా, మోరియా అక్కచెల్లెళ్లు ఒకే బంతితో ఫోర్‌సమ్స్ ఆడి గెలిచారు. అక్క కొట్టిన చోటుకి చెల్లి, చెల్లి కొట్టిన చోటుకి అక్క నడిచి వెళ్లడం చూస్తుంటే, చిన్నప్పటి నుంచీ వాళ్లు అలాగే నడిచారు కదా అనిపించింది. 2025లో ఆ ఆస్ట్రేలియాయే మిన్‌జీ లీ, హన్నా గ్రీన్, స్టెఫనీ కిరియాకు, గ్రేస్ కిమ్‌లతో వచ్చి ఫైనల్లో అమెరికాని ఓడించింది. ఓడినవాళ్లు తిరిగి వచ్చి తీర్చుకోవడం అంటే ఇదే.

ఐదు పోటీలు, ఐదు వేర్వేరు విజేతలు. ఇంత సమంగా సాగే జట్టు పోటీ గోల్ఫ్‌లో ఇంకొకటి నాకు కనపడదు.

కానీ ఆ ఐదు పోటీల్లో ఆడిన దేశాలు మొత్తం ఎన్నో మీరెప్పుడైనా లెక్కపెట్టారా? నేను కాగితం మీద రాసి చూశాను. అమెరికా, కొరియా, జపాన్, థాయ్‌లాండ్, ఆస్ట్రేలియా, స్వీడన్, చైనీస్ తైపీ, ఇంగ్లండ్, చైనా, స్పెయిన్. పది. ప్రతిసారీ ఈ పదిలోంచే మళ్లీ మళ్లీ తీస్తున్నారు.

ఇంకా బాధ కలిగించేది స్పెయిన్ విషయం. మొట్టమొదటి ఛాంపియన్, 2016లో టైటిల్ నిలబెట్టుకోవడానికి రానేలేదు. ఎవరూ ఓడించలేదు, ర్యాంకుల కూడికలో మొత్తం సరిపోలేదు. 2018లోనూ లేదు, 2023లోనూ లేదు, 2025లోనూ లేదు. 2023 సెప్టెంబరులో సోల్‌హైమ్ కప్ స్పెయిన్‌లోనే, ఫిన్కా కోర్టెసిన్‌లో జరిగింది. మొదటి సెషన్‌లోనే యూరప్ 4–0తో చిత్తయింది. అక్కడి నుంచి లేచి ఆఖరి రోజుకి 8–8 చేసింది. సొంత జనం మధ్య కార్లోటా సిగాండా 17వ హోల్‌లో బర్డీ కొట్టి నెల్లీ కోర్డాని ఓడించింది, కప్పు యూరప్‌లోనే నిలబడింది. స్కోరు 14–14. అంతటి మనిషి, 2014లో క్రౌన్ నెత్తిన పెట్టుకున్న మనిషి, అదే 2023 మే నెలలో మీ క్రౌన్‌లో తన దేశం పేరుతో ఆడలేకపోయింది. తను ఆడలేక కాదు, తన వెనక వరసలో నాలుగో పేరు ర్యాంకింగ్‌లో కింద ఉన్నందుకు.

ఆ నాలుగో పేరే చాలా దేశాలకు గుదిబండ. ఐర్లండ్‌కి లియోనా మగ్వైర్ ఉంది. 2021లో ఒహాయోలోని ఇన్వర్నెస్ క్లబ్‌లో తొలి సోల్‌హైమ్ కప్‌లోనే ఐదు మ్యాచ్‌ల్లో 4.5 పాయింట్లు తెచ్చిన అమ్మాయి. ఫ్రాన్స్‌కి సెలీన్ బుటియే ఉంది, 2023లో సొంత దేశంలో ఎవియన్ అనే మేజర్ గెలిచింది. ఇండియాకి టోక్యోలో నాలుగో స్థానంలో నిలిచిన అదితి అశోక్ ఉంది, దీక్షా డాగర్ ఉంది. ఫిలిప్పీన్స్‌కి పారిస్‌లో పతకం అంచుల దాకా వెళ్లిన బియాంకా పగ్దంగనన్ ఉంది. ఒకరు, ఇద్దరు గట్టివాళ్లున్న దేశాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. నలుగురు గట్టివాళ్లున్న దేశాలు చాలా తక్కువ. ఆ లెక్కని తలుపు దగ్గర పెడితే పదకొండో దేశం లోపలికి ఎప్పుడొస్తుంది?

ఈ అమ్మాయిలు చిన్నప్పుడు దేశం కోసం ఆడనివాళ్లేమీ కాదు. అమెచ్యూర్లుగా (డబ్బు కోసం ఆడనివాళ్లుగా) ఉన్నప్పుడు దేశాల జట్లు ఆడే ఎస్పిరిటో శాంటో ట్రోఫీ ఉంది. 1964 నుంచి జరుగుతోంది. జట్టుకు ముగ్గురు చాలు, కొన్ని సార్లు 50కి పైగా దేశాలు వచ్చాయి. ఆసియా-పసిఫిక్ అమెచ్యూర్లకు యూరప్‌తో ఆడటానికి పాట్సీ హాంకిన్స్ ట్రోఫీ ఉంది. ప్రో అయిన మర్నాటి నుంచి ఆ జెర్సీ పెట్టెలో పెట్టేసుకోవాలి. ఆట మెరుగయ్యేకొద్దీ జట్టు దూరమవుతోంది.

2025లో మీరు వరల్డ్ టీమ్ పెట్టారు. చోటు దొరకని దేశాల నుంచి లిడియా కో, చార్లీ హల్, బ్రూక్ హెండర్సన్, షు వీ-లింగ్ ఒక జట్టుగా ఆడారు. దీనికి మీకు చేతులెత్తి నమస్కారం పెడుతున్నాను, మనస్ఫూర్తిగా. మా పిల్ల ఆ నాలుగు రోజులూ ఫోన్ వదల్లేదు. మొట్టమొదటిసారి లిడియా పక్కన ఇంకొకరు నిలబడి లైన్ చూడటం చూసింది. సోల్‌హైమ్‌లో యూరప్‌కి ఆడే ఇంగ్లండ్ అమ్మాయి, అందులో చోటే లేని కెనడా అమ్మాయి, న్యూజీలాండ్ అమ్మాయి భుజం భుజం కలిపి నడిచారు. ఆ తలుపు తెరవాలని మీకే తోచింది. అందుకే దాన్ని ఇంకాస్త తెరవమని అడిగే ధైర్యం వస్తోంది. ఎందుకంటే వరల్డ్ టీమ్‌లో చోటు నలుగురికే. ఆ నలుగురూ మళ్లీ ర్యాంకింగ్‌లో పైనున్నవాళ్లే. వాళ్ల జెర్సీ మీద వాళ్ల దేశం పేరు లేదు.

నేను అడిగేది ఇది.

జట్ల సంఖ్య పెంచమనడం లేదు. ఎనిమిదే ఉంచండి, నాలుగు రోజులే ఉంచండి. డిఫెండింగ్ ఛాంపియన్‌కి ర్యాంకులతో సంబంధం లేకుండా ఒక చోటు ఇవ్వండి. స్పెయిన్‌కి జరిగింది ఇంకెవరికీ జరగకూడదు. ఐదు చోట్లు ఇప్పటిలాగే ర్యాంకింగ్ మీద ఇవ్వండి. వరల్డ్ టీమ్‌ని ఉంచండి. మిగిలిన ఒక్క చోటుని ఆడి గెలుచుకోనివ్వండి.

ఎలాగంటే, జోడీలతో. క్రౌన్ ఏడాది మొదట్లో 16 దేశాల నుంచి ఇద్దరిద్దరిని పిలవండి. నలుగురు కాదు, ఇద్దరు. నాకౌట్ మ్యాచ్ ప్లే (మొత్తం షాట్లు కాక, ఎవరు ఎక్కువ హోల్స్ గెలిచారన్నదే లెక్క). రోజుకు రెండు రౌండ్లు, పొద్దున ఫోర్‌సమ్స్, మధ్యాహ్నం ఫోర్‌బాల్. రెండు రోజుల్లో 16 నుంచి ఒకటి మిగులుతుంది. గెలిచిన దేశం మిగతా ఇద్దరిని తనే ఎంచుకుని క్రౌన్‌కి వస్తుంది, ఆ ఇద్దరి ర్యాంకు 300 అయినా, 500 అయినా. ఓడినవాళ్లలో బాగా ఆడినవాళ్లకు వరల్డ్ టీమ్ ఎంపికలో ప్రాధాన్యం ఇవ్వండి. లేడీస్ యూరోపియన్ టూర్ ఏటా ఎన్నో ఖండాలు తిరుగుతుంది. వాళ్ల టోర్నమెంట్ ఒకదానికి ముందు సోమ, మంగళవారాలు సరిపోతాయి. కోర్సు ఉంటుంది, రిఫరీలు ఉంటారు, సగం మంది ఆటగాళ్లు ఎలాగూ అక్కడే ఉంటారు. ఈ ఉత్తరం మీ ఇద్దరికీ కలిపి రాయడానికి కారణం అదే.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. బలహీనమైన జట్టు వస్తే మ్యాచ్‌లు ఏకపక్షం అవుతాయి, టీవీలో ఎవరు చూస్తారు అంటారు. దయచేసి మీ సొంత రికార్డు పుస్తకం తీయండి. 1990లో లేక్ నోనాలో యూరప్ 11.5–4.5తో ఓడింది. అంతకంటే ఏకపక్షం ఏముంటుంది? ఇది పోటీ కాదు అని ఆ రోజే ఎవరైనా తలుపు మూసి ఉంటే? రెండేళ్లకు స్కాట్లండ్‌లోని డాల్మహోయ్‌లో లారా డేవిస్ ముందుండి నడిపిన యూరప్ 11.5–6.5తో గెలిచింది. అమెరికా గడ్డ మీద గెలవడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది, కొలరాడోలో 18–10. ఆ కొలరాడోలోనే 17 ఏళ్ల చార్లీ హల్ సింగిల్స్‌లో పౌలా క్రీమర్‌ని ఓడించి, ఆ వెంటనే ఫ్రెండ్ కోసం ఆమె దగ్గరే ఆటోగ్రాఫ్ తీసుకుంది. ఆ 23 ఏళ్లూ ఓపిక పట్టారు కాబట్టి చార్లీకి నిలబడటానికి ఒక టీ (హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు) దొరికింది.

పైగా ఇది మ్యాచ్ ప్లే. మొత్తం షాట్లు లెక్కపెట్టే స్ట్రోక్ ప్లేలో పెద్ద ప్లేయర్‌కీ మామూలు ప్లేయర్‌కీ నాలుగు రోజుల్లో ఇరవై షాట్ల తేడా రావచ్చు. మ్యాచ్ ప్లేలో ఒక హోల్‌లో ఎనిమిది కొట్టినా పోయేది ఆ ఒక్క హోలే. తర్వాతి టీ దగ్గర మళ్లీ మొదలు. చిన్న జట్టు పెద్ద జట్టుని పడగొట్టడానికి గోల్ఫ్‌లో ఇంతకంటే అనువైన చోటు లేదు.

కొంతమంది ఇంకో మాట అంటున్నారు, సోల్‌హైమ్ కప్‌నే మార్చి ఆసియాని కలపమని. నేను దానికి ఒప్పుకోను. మూడున్నర దశాబ్దాల పగలు, స్నేహాలు ఉన్న పోటీ అది. 2000లో లోక్ లోమండ్‌లో అనికా గ్రీన్ బయటి నుంచి హోల్‌లో వేసిన చిప్ షాట్‌ని, వరస తప్పి ఆడిందని మళ్లీ కొట్టించిన రోజు దగ్గర్నుంచి ప్రతి గాయమూ రెండు వైపులా గుర్తుంది. దాన్ని కదపొద్దు. ఒకరి ఇంట్లో గోడ పగలగొట్టి ఇంకొకరికి గది ఇవ్వనక్కర్లేదు. క్రౌన్ అనే ఇల్లు మీరే కట్టారు. దానికి ఇంకో తలుపు పెట్టండి.

క్యాలెండర్ గురించి కూడా ఒక మాట. కోవిడ్ వల్ల 2020 క్రౌన్ రద్దయింది, అది ఎవరి తప్పూ కాదు. కానీ 2018 తర్వాత మళ్లీ ఆడటానికి ఐదేళ్లు పట్టింది. మహిళా గోల్ఫర్‌కి ఐదేళ్లంటే కెరీర్‌లో ఎంత భాగమో మీకు నేను చెప్పాలా? రైడర్ కప్‌తో ఒకే ఏడాది పడకూడదని సోల్‌హైమ్ కప్‌ని వరసగా 2023లోనూ 2024లోనూ ఆడించి సరి సంవత్సరాలకు మార్చారు. 2026కి నెదర్లాండ్స్‌లోని బెర్నార్డస్ అని ఎంతో ముందే ప్రకటించారు. క్రౌన్‌కి ఆ గౌరవం ఇవ్వండి. రాబోయే మూడు పోటీల వేదికలు ఒకేసారి చెప్పండి. స్పాన్సర్ మారినా పోటీ మారదని ఆటగాళ్లకు తెలియాలి. లెక్సస్ కప్‌కి, క్వీన్స్‌కి దొరకనిది ఆ నమ్మకమే.

ఇంకొకటి చిన్నది, కానీ నాకు చాలా ముఖ్యం. క్రౌన్‌లో మొదటి మూడు రోజులూ ఫోర్‌బాలే. ఎవరి బంతి వాళ్లు ఆడతారు, ఇద్దరిలో మంచి స్కోరు లెక్కలోకి వస్తుంది. ఫోర్‌సమ్స్ చివరి రోజే, అదీ ఒక్కో పోరులో ఒక్క మ్యాచే. ఆ మూడు రోజుల్లో ఒకరోజైనా ఫోర్‌సమ్స్ పెట్టండి. ఒకే బంతి మీద ఇద్దరి చేతులు పడినప్పుడే చూసేవాళ్లకు జట్టు అంటే ఏంటో తెలుస్తుంది.

2024లో వర్జీనియాలో సోల్‌హైమ్ కప్ మొదటి రోజు పొద్దున వేలమంది అభిమానులు బస్సుల కోసం పార్కింగ్ స్థలంలో గంటలు గంటలు నిలబడిపోయారు. మొదటి టీ దగ్గర గ్యాలరీ ఖాళీగా కనపడింది. మీరు సాకులు వెతకలేదు. తప్పు జరిగిందని ఒప్పుకున్నారు, క్షమాపణ చెప్పారు, మర్నాటికి సరిచేశారు. మీ సంస్థ మీద నాకు నమ్మకం ఉండటానికి అదొక కారణం. 1950లో 13 మంది ఆడవాళ్లు తమకు ఆడే చోటు లేదని కూర్చోకుండా తామే చోటు కట్టుకున్న సంస్థ మీది. ఆ సంస్థ ముందు చోటు గురించి అడగడానికి నాకు మొహమాటం లేదు.

వచ్చే క్రౌన్ నిబంధనలు రాసేటప్పుడు ఆ ఒక్క చోటు దగ్గర 'నలుగురు' అన్న మాట తీసి 'ఇద్దరు' అని రాయండి. న్యూజీలాండ్‌కి ఇద్దరు దొరుకుతారు. ఐర్లండ్‌కి దొరుకుతారు. నేను నేర్పే ఆ పెద్దపిల్ల, చిన్నపిల్ల ఇప్పుడు వారానికి రెండుసార్లు ఫోర్‌సమ్స్ ఆడుతున్నారు. బేసి హోల్స్‌లో టీ షాట్ ఎవరు కొట్టాలన్నది ఇంకా తేలలేదు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు,
ఆడపిల్లలకు గోల్ఫ్ నేర్పే ఒక కోచ్